అడవి అంచున అర ఎకరం



రోహిణి ఎండలు చివరికొచ్చాయి. జూన్ మొదటి వారం దాటితే మృగశిర కార్తె. మృగశిర అంటే జింక తల. ఆకాశంలో ఆ చుక్కల గుంపుకు పెద్దలు ఎందుకా పేరు పెట్టారో గానీ, జింక పేరున్న కార్తెలోనే మన అరకు కొండల మీద సామ, చోడి విత్తనం నేల తాకుతుంది. ఈసారి విత్తనం సంగతీ జింక సంగతీ కలిపి రాయమని కొందరు అడిగారు. ఎందుకు అడిగారో ఊళ్లో వాళ్లకు తెలుసు. దూరాన ఉన్నవాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాం.

పోయిన సెప్టెంబరులో యవ్వనస్తుల కూడిక అయ్యాక నలుగురు కుర్రాళ్లు వెనకే ఉండిపోయారు. చాప చుట్టడానికి సాయం చేస్తున్నట్టు కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఒకడు నోరు విప్పాడు. "అయ్యగారూ, మాదొక ఆలోచన. కోప్పడకండి. మా పై చెక్క ఉంది కదా, అడవి అంచుది, అర ఎకరం. ఈ ఏడు అందులో చోడి వెయ్యలేదు. ఉలవలూ బొబ్బర్లూ కలిపి చల్లేస్తాం. డిసెంబరుకి కొండంతా ఎండిపోద్ది, మా చెక్క ఒక్కటే పచ్చగా ఉంటది. రాత్రికి కణుజు దిగకుండా ఉండదు. మంచె వేసుకుని కూర్చుంటే సరి. క్రిస్మస్‌కి సంఘమంతటికీ కూర."

మా అమ్మగారు నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. మేము నవ్వలేదు. క్రిస్మస్ విందుకు మేకపోతు కొనాలంటే సంఘంలో ప్రతి ఇంటి నుంచీ డబ్బు అడగాలి. ఆ అడగడం ఎంత కష్టమో ఈ కుర్రాళ్లు రెండేళ్లుగా చందా పుస్తకం పట్టుకుని తిరిగి చూశారు. పసుపు ధర పడిపోయిన ఏడు కొన్ని ఇళ్లు తలుపు కూడా తియ్యలేదు. అందుకే ఆదివారం దాకా ఆగమన్నాం.

ముందొక మాట. వాళ్ల లెక్కలో వ్యవసాయం తప్పు ఏమీ లేదు. ఏ జంతువు ఏ మొక్కకు దిగుతుందో మన కొండ మీద పుట్టినవాడికి పుస్తకం అక్కర్లేదు. ఉలవ సెప్టెంబరు చివరలో చల్లితే మిగిలిన తేమతోనే బతుకుతుంది, మంచుతో నెట్టుకొస్తుంది. కణుజుకి, చుక్కల దుప్పికి ఉలవ లేత తీగ అంటే ప్రాణం. కంది చిగురూ అంతే. చోడి పాలు పోసుకునే రోజుల్లో అడవిపంది దిగితే తినేది కొంత, తొక్కేది కొండంత. మొక్కజొన్న పొత్తు గింజ కట్టిందంటే ఇక చెప్పక్కర్లేదు. చల్లిన గింజను మొలవకముందే ఏరుకునేది నెమలి. మరి వలిసెలు? నవంబరులో మన లోయంతా పసుపు పచ్చగా పూస్తే కారుల్లో వచ్చి ఫొటోలు దిగుతారే, ఆ వలిసెలను పశువు మూతి పెట్టదు, వాసన చూసి పక్కకు పోతుంది. పసుపు ఆకుకీ జింకలు రావు. అందుకే మన ముసలివాళ్లు అడవి వైపు గట్టున నాలుగు సాళ్లు వలిసెలు వేసి, వాటి వెనక చోడి వేసేవారు. కంచె కొనుక్కోలేనివాడి కంచె అది. మీసాలున్న కొర్రకు పిట్టల బెడద తక్కువని విడిగా దాచిపెట్టుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి.

జంతువును దూరం పెట్టే విత్తనం ఏదో తెలిసినవాడికే దాన్ని దగ్గరకు పిలిచే విత్తనం ఏదో కూడా తెలుస్తుంది. కుర్రాళ్లు తాతల జ్ఞానాన్నే తిరగేశారు.

ఇది మన కొండల్లో మాత్రమే పుట్టిన ఆలోచన కూడా కాదు. అమెరికాలో ఉన్న మన సంఘ బిడ్డ ఒకరు ఈ కథ విని, ఫోనులో చాలాసేపు నవ్వి, అక్కడ ఇదొక పెద్ద వ్యాపారమని చెప్పాడు. తెల్లతోక దుప్పి కోసమే క్లోవర్ గడ్డి, ఓట్స్, టర్నిప్ లాంటి విత్తనాలు, సంచి మీద దుప్పి బొమ్మ వేసి అమ్ముతారు. నేలను పరీక్ష చేయిస్తారు, పులుపు ఎక్కువుంటే సున్నం చల్లుతారు. మంచు పడ్డాక టర్నిప్ ఆకు తియ్యబడుతుందని, వేట కాలానికి అది అందేలా లెక్క చూసి విత్తుతారు. లైసెన్సు తీసుకుని, కాలం మించకుండా వేటాడతారు. కొన్ని రాష్ట్రాల్లో ఇంకో తమాషా ఉంది. మొక్కజొన్న గింజలు రాశి పోసి దుప్పిని రప్పిస్తే అది ఎర, నేరం. అదే పంటగా పండించి దాని దగ్గర కూర్చుంటే నేరం కాదు. వంద పైచిలుకు ఏళ్ల కిందట అక్కడా వేటాడి వేటాడి చాలాచోట్ల దుప్పి కనిపించకుండా పోయింది. తర్వాత చట్టాలు పెట్టి కాపాడితే మళ్లీ పెరిగి, ఇప్పుడు పొలాలకు బెడద అయ్యేంత ఉన్నాయి. వాళ్లకు ఎక్కువయ్యాయి. మన సంఘంలో పదేళ్ల లోపు పిల్లల్ని ఒక ఆదివారం అడిగాం, కణుజును కళ్లతో చూసిందెవరని. ముగ్గురు చేతులెత్తారు. అందులో ఒకడు చూసింది విశాఖ జూలో.

మన దేశంలో చట్టం సంగతి కుర్రాళ్లకు సగమే తెలుసు. చంపితే కేసు అని తెలుసు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకిచ్చిన అర్థంలో చంపడం ఒక్కటే లేదు. ఉచ్చు వేయడం, తరమడం, ఎర చూపి రప్పించడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. అంటే మంచె ఎక్కి కూర్చున్న క్షణానికే వాడు నేరస్తుడు, తూటా పేలక్కర్లేదు. ఇక 2006 అటవీ హక్కుల చట్టం. ఆ పై చెక్కకు పట్టా వచ్చింది ఆ చట్టం వల్లే. తేనె, అడ్డాకు, చింతపండు, కొండచీపురు మీద మన హక్కును ఒప్పుకున్న ఆ చట్టమే, సంప్రదాయ హక్కులన్నీ రాసి, వేట దగ్గరికి వచ్చేసరికి అది మినహా అని రాసింది. ఇది న్యాయమా అని పెద్దలు అడుగుతారు. గవర్నర్లూ జమీందార్లూ సరదాకు పులుల్ని కాల్చిన కాలంలో మన తాత ఆకలికి ఒక దుప్పిని కొట్టాడు, ఇవాళ ఇద్దరికీ ఒకే చట్టమా అని. ఆ అడగడంలో నిజం ఉంది. మేము దాన్ని కాదనం. కానీ జైలుకెళ్లేది ఆ కుర్రాడే గానీ గవర్నరు కాదు.

చైత్రంలో మన చుట్టుపక్కల ఊళ్లు చేసుకునే ఇటుకల పండుగ గురించి బయట ఉన్న మన పిల్లలు మర్చిపోతున్నారు. ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి ఊరి దేవత దగ్గర పెట్టి, కలిపి, తిరిగి పంచుకుంటారు. ఆ రోజుల్లోనే మగవాళ్లు వేటకు వెళతారు. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఏడిపిస్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తే పర్యాటకులు విసుక్కోవడం కూడా చూశాం. ఆ పూజ మనది కాదు. కానీ మా వరకు మాకు ఒక సంగతి ఆలోచింపజేస్తుంది. వాళ్లు వేటనూ విత్తనాన్నీ ఒకే పండుగలో పెట్టారు. విత్తనం వేసే ముందు అడవి ఏమిస్తుందో చూసుకోవడం, ఊరంతా ఒకరి విత్తనం ఒకరి చేతిలో పడేలా కలుపుకోవడం. ఒకరింటి విత్తనం పుచ్చిపోతే ఇంకొకరి గింజ వాళ్ల నేలలో మొలుస్తుంది. మన సంఘం వాళ్లు ఆ పండుగకు వెళ్లడం మానుకున్నాక ఆ విత్తనం కలుపుకోవడాన్ని కూడా మానుకున్నారు. అది మానాల్సిన పని లేదని మా అభిప్రాయం. దాని గురించి చివర్లో చెబుతాం.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ నలుగుర్నీ, వాళ్ల తల్లిదండ్రుల్నీ, ఇంకో నలుగురు పెద్దల్నీ కూర్చోబెట్టాం. చట్టం మాట మేము చెప్పకముందే ఒక తల్లి మాట్లాడింది. ఆవిడ సంగతి మీలో చాలామందికి తెలుసు. పక్క పంచాయితీలో పంది కోసం పొలం చుట్టూ ఎవరో కరెంటు తీగ లాగారు. తెల్లారగట్ల చెలమకు వెళ్లిన మనిషి దానికి తగిలాడు. ఆయన ఆవిడ భర్త. పిల్లలిద్దరూ అప్పటికి బడికి కూడా వెళ్లని వయసు. ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. "రాత్రిపూట కదిలేది ఏటో ఎవులికి తెలుత్తాది?" అంది. అంతే. మంచె గురించి మాట్లాడడానికి వచ్చిన కుర్రాళ్లు నేల చూపులు చూశారు.

మేము ఆ రోజు చదివి వినిపించింది నిర్గమకాండము ఇరవై మూడో అధ్యాయం. ఏడో ఏట పొలం బీడు పెట్టమని, దానిలో పుట్టింది పేదలు తినాలని, వాళ్లు వదిలింది అడవి మృగాలు తినాలని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన భాగం. లేవీయకాండములో పొలం ఓరలు పేదలకు వదలమనే ఆజ్ఞ మన సంఘానికి బాగా తెలుసు. రూతు కథ వల్ల అది ఆదివారం బడి పిల్లలకు కూడా వచ్చు. కానీ మృగాల మాట ఎప్పుడూ దాటేసి వెళ్లిపోతాం. పేదవాడి తర్వాత వరసలో అడవి జంతువును నిలబెట్టాడు దేవుడు. దుప్పి మాంసం తినడం పాపమని బైబిలు చెప్పదు. ద్వితీయోపదేశకాండము పద్నాలుగో అధ్యాయంలో తినదగిన వాటిలో దుప్పి పేరు స్పష్టంగా ఉంది. కాబట్టి అది పాపమని మేము అనలేదు. మేము అడిగింది ఒక్కటే. తినమని విత్తనం చల్లి పిలిచి, తినడానికి వచ్చినదాన్ని కొట్టడం ఎలాంటి పని? అడవిలో వెంటపడి కొట్టడం వేరు. మన ఇంటి ముందు భోజనం పెట్టి పిలిచి కొట్టడం వేరు. మన కొండ మర్యాదలో కూడా అన్నం పెట్టినవాడి చెయ్యికి ఒక లెక్క ఉంది.

ఒక తండ్రి ఊరుకోలేదు. "బాగుందండి అయ్యగారూ. దేవుడి మృగాలకు వదలమన్నారు. మా పొయ్యి మాటేటి? పోయినేడు పందులు చోడి సగం తొక్కీసినాయి. వాటికి ఇచ్చింది చాల్లేదా?" అన్నాడు.

ఈ ప్రశ్నకు మా దగ్గర వచనం లేదు, ఇప్పటికీ. బల్లల మీద విందు చేసేవాడు వదిలే ముక్క వేరు, ఒక్క చెక్క ఉన్నవాడు వదిలే మూల వేరు. ఆ ఇంటివాళ్లు వదిలితే సంఘం నింపాలి, అది తప్ప వేరే న్యాయం మాకు కనిపించలేదు. అలాగే చెప్పాం. పెద్దలు ఒప్పుకున్నారు, కొందరు మనసుతో, కొందరు మొహమాటంతో.

క్రిస్మస్ కూర సంగతి మాత్రం మన పెద్దవ్వ తేల్చింది. చెవులు సరిగా వినపడవు గానీ ఆవిడకు వినాల్సింది వినపడుతుంది. ఏశావు వేటమాంసం కోసం అడవి పట్టి తిరుగుతుంటే రిబ్కా ఇంట్లో రెండు మేకపిల్లల్ని వండి ఇస్సాకు ముందు పెట్టించింది కదా, ఆ ముసలాయనకు తేడా తెలిసిందా అని అడిగింది. తెలియలేదన్నాం. "మసాలా నాను నూరతాను, మేకపోతు మీరు తెండి" అంది. రిబ్కా చేసిన మోసం గురించి ఆ పూట ప్రసంగం చెయ్యడం మాకు తెలివైన పనిగా తోచలేదు.

విత్తనం చల్లారు. అవును, అదే చెక్కలో, అదే ఉలవ. మంచె కూడా వేశారు, పంది వస్తే డప్పు కొట్టడానికి. అడవి వైపు నాలుగు బారల మేర వదిలేస్తామని, దానికి ఇవతల వలిసెల సాళ్లు, వాటికి ఇవతల ఇంటి ఉలవ అని కుర్రాళ్లే గీత గీసుకున్నారు. ఆ నెల వలిసె వేయడానికి కొంచెం ఆలస్యమే, మొక్క పొట్టిగా వచ్చింది. అయినా పూసింది.

డిసెంబరు రెండో వారంలో దిగాయి. మూడు కణుజులు, వాటిలో ఒకటి పిల్ల. అంచు ఉలవ నాలుగు రాత్రుల్లో నేలమట్టం చేశాయి. వలిసెల వాసన కణుజుల్ని ఆపింది గానీ ఆ తర్వాత వారం వచ్చిన పందుల్ని ఆపలేదు. అవి ఏ సాలూ లెక్కపెట్టలేదు. బస్తా రావాల్సిన చోట ఆ ఇంటికి మూడు కుంచాల ఉలవలు వచ్చాయి. నూతన సంవత్సరం కూడికకు సంఘంలో పదకొండు ఇళ్లు తలా కొంచెం చోళ్లు, సామలు, కందులు తెచ్చి ఆ ఇంటి గుమ్మిలో పోశాయి. బస్తా లెక్క సరిపోయిందా అంటే సరిపోలేదు. ఆ తండ్రి లెక్క చూసుకున్నాడు, మాతో అన్నాడు కూడా. ఈ ఏడు అంచు రెండు బారలే వదులుతానన్నాడు. అది ఆయన పొలం.

మొదట ఆలోచన చెప్పిన కుర్రాడు మంచె మీద పడుకున్న ఒక రాత్రి ఫోనులో ఫొటో తీశాడు. అందులో కనిపించేవి రెండు పచ్చటి కళ్లు, మిగతా అంతా చీకటి. వాళ్ల అమ్మమ్మ దాన్ని చూసి, వాటి తల ఎత్తు చేత్తో కొలిచి చూపించి, తన చిన్నతనంలో ఇలాంటివి కొండ దిగితే ఊరు ఊరంతా లేచేదని చెప్పింది.

ఇక ఈ ఏడాది విత్తనం. పోయిన ఏడు విన్నవాళ్లు కూడా మళ్లీ వినండి, ఎందుకంటే మార్చిలో కొన్ని ఇళ్లలో చూసిన చోడి విత్తనం మాకు నచ్చలేదు. నూర్చేశాక బస్తాలోంచి తీసింది విత్తనం కాదు, అది తిండిగింజ. విత్తనం వెన్ను చేలో నిలబడి ఉండగానే ఎంచాలి. అడవి అంచు నుంచి, గట్టు పక్క నుంచి వద్దు, అక్కడి మొక్కకు వెలుతురూ చోటూ ఎక్కువ కాబట్టి బలంగా కనిపిస్తుంది. చేను మధ్యలో, పక్క మొక్కలతో పోటీ పడి కూడా నిండుగా ఉన్న వెన్నును చూసి గుర్తుకు దారం కట్టండి. తెగులు సోకినదాన్ని, పక్కకు పడిపోయినదాన్ని వదిలెయ్యండి. కోసిన వెన్నులను కట్టగట్టి పొయ్యి పైన వేలాడదీస్తే పొగకు పురుగు పట్టదు. గింజ తీశాక బూడిద కలిపి ఎండిన సొరకాయ బుర్రలో పోసి మూత బిగించండి. మన అమ్మమ్మలు చేసిందే ఇది.

చోడి, సామ, ఉలవ తమ పువ్వులోనే తాము గింజ కడతాయి. అందుకే మీ ఇంటి విత్తనం ఏళ్ల తరబడి మారకుండా వస్తుంది. వలిసెలు అలా కాదు, తేనెటీగ ఒక చేను నుంచి ఇంకో చేనుకు మోస్తుంది, కాబట్టి ఆ విత్తనం నాలుగు ఇళ్లది కలిపి దాచుకుంటేనే మేలు. సంతలో కొన్న హైబ్రిడ్ మొక్కజొన్న పొత్తు ఎంత బాగున్నా దాని గింజ దాచొద్దు, మరుసటేడు తల్లిలా రాదు. విజయనగరం పరిశోధనా కేంద్రం వాళ్ల చోడి రకాలు శ్రీచైతన్య, భారతి లాంటివి వేసి చూడాలనుకునేవాళ్లు చూడొచ్చు, దిగుబడి బాగుందని వేసినవాళ్లు అంటున్నారు. కానీ చెక్క మొత్తం ఒకే రకం వెయ్యకండి. ఒక మూల అయినా ఇంటి విత్తనం ఉంచండి. చిరుధాన్యాల సంవత్సరమని 2023లో ప్రపంచమంతా పండుగ చేసినప్పుడు మన ఊరి సామ పేరు చెప్పుకున్నాం, ఆ సామ విత్తనం ఇప్పుడు మూడిళ్లలోనే ఉంది.

మొలక చూసుకోవడం మర్చిపోకండి. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో పరిచి చుట్టి, నీడలో పెట్టి, తడి ఆరకుండా చూడండి. వారంలో ఎనభై మొలిస్తే విత్తనం మంచిది. అరవై మొలిస్తే ఇంకొంచెం ఎక్కువ చల్లుకోవాలి. యాభై లోపయితే ఆ గింజను అంబలికి వాడుకుని మన దగ్గరకు రండి.

ఎందుకంటే మృగశిరకు ముందు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మందిరం వరండాలో విత్తనాలు కలుపుకుందామని పెద్దలు నిర్ణయించారు. ప్రతి ఇల్లూ ఒక సోలెడు తేవాలి, చోడి గానీ సామ గానీ కంది గానీ, ఏదుంటే అది. ప్రార్థన చేసి, మార్చుకుని, తీసుకెళ్దాం. పై చెక్క వాళ్లు పందులు మిగిల్చిన ఉలవ తెస్తున్నారు. ఇటుకల పండుగ చేసుకునే ఇరుగుపొరుగును కూడా పిలవండి, వాళ్ల దగ్గర మనం పోగొట్టుకున్న కొర్ర ఉంది. ప్లాస్టిక్ సంచుల్లో తేవద్దు, గింజకు చెమట పడుతుంది. గుడ్డ మూట కట్టి, మూట మీద ఇంటిపేరూ పంట పేరూ బొగ్గుతో రాయండి. రాయడం రానివాళ్లకు ఆదివారం బడి పిల్లలు రాసిపెడతారు.